ఇంటి ధరలో మూడు రెట్ల తేడా, గది అద్దెలో రెండు రెట్లు కూడా లేదు: బ్రిటన్ రూమ్ రెంట్ల అసలు లెక్క

బ్రిటన్‌లో ఏ ఏరియాలో రూమ్ రెంట్ ఎంత ఉందని కొన్నాళ్ళకోసారి న్యూస్ వస్తూనే ఉంటుంది, దాంతోపాటు ఒక మ్యాప్ కూడా వేస్తారు, లండన్ ముదురు ఎరుపు, దాని చుట్టుపక్కల సౌత్ అంతా నారింజ, పైకి పోయేకొద్దీ రంగు పల్చబడిపోయి న్యూకాజిల్, సండర్లాండ్ దగ్గరికొచ్చేసరికి లేత పసుపు. అది చూసిన ప్రతివాడికీ ఒకటే అనిపిస్తుంది, ఈ లండన్లో పడి చావడం ఎందుకు, పైకి పోతే హాయిగా సగం డబ్బులు మిగుల్తాయి కదా అని. ఇల్లు కొనుక్కునేవాడికి ఆ ఆలోచన నూటికి నూరుపాళ్ళు కరెక్టే. గది అద్దెకి తీసుకుని బతికేవాడికి మాత్రం ఆ మ్యాప్ కొంచెం మోసం చేస్తుంది, ఎందుకంటే చవక ఊరికి పోయినప్పుడు ఇంటి ధర పడిపోయినంతగా గది అద్దె పడిపోదు.

అంకెలు చూడండి. 2025లో లండన్లో సగటు ఇంటి ధర దాదాపు ఐదున్నర లక్షల పౌండ్లు, నార్త్ ఈస్ట్‌లో, అంటే ఆ న్యూకాజిల్, సండర్లాండ్ వైపు, లక్షా అరవై వేల చుట్టూ ఉంది, అంటే మూడు రెట్ల పైన తేడా. ఇప్పుడు రూమ్ యాడ్స్ తిరగెయ్యండి, లండన్లో నెలకి వెయ్యి పౌండ్ల దరిదాపుల్లో అడుగుతున్నారు, నార్త్ ఈస్ట్‌లో ఆరొందలకి అటూ ఇటూ. రెట్టింపు కూడా లేదు. ఒకే దేశంలో, అవే రెండు ప్రాంతాల మధ్య, ఇటుక ధర మూడు రెట్లు తేడా వస్తే అదే ఇటుకల మధ్య పడుకోడానికి కట్టే అద్దె ఒకటిన్నర రెట్లు దాటి కొంచెం పైకి పోయి ఆగిపోయింది అంటే, గది అద్దెకీ ఇంటి ధరకీ మనం అనుకునేంత చుట్టరికం లేదన్నమాట.

గది అద్దెని కింద నుంచి ఒకటి పట్టుకుని ఆపుతోంది, పైనుంచి ఇంకొకటి. ముందు కింద సంగతి చూద్దాం.

చవక ఊళ్ళో గది అద్దె ఒక లెవెల్ కంటే కిందకి ఎందుకు దిగదు అంటే, ఆ అద్దెలో కొంత భాగం అసలు అద్దే కాదు. ఇక్కడ షేర్డ్ ఇళ్ళల్లో రూమ్ రెంట్ అంటే చాలావరకు బిల్స్‌తో కలిపే, గ్యాస్, కరెంటు, నీళ్ళు, వైఫై, ఊరి కౌన్సిల్‌కి కట్టే ఇంటి పన్ను అంటే కౌన్సిల్ ట్యాక్స్, అన్నీ అందులోనే. గ్యాస్, కరెంటు రేట్లు సండర్లాండ్ అని చెప్పి ఎవడూ సగానికి ఇవ్వడు, పైగా అక్కడ చలి ఎక్కువ. గ్యాస్ సేఫ్టీ చెక్ ఏడాదికోసారి చట్ట ప్రకారం చేయించాల్సిందే, వైరింగ్ ఇన్‌స్పెక్షన్ అయిదేళ్ళకోసారి చేయించాల్సిందే, అయిదుగురు అంతకంటే ఎక్కువ మంది వేర్వేరు కుటుంబాల వాళ్ళు ఉండే ఇంటికి హెచ్ఎంఓ (వేర్వేరు కుటుంబాల వాళ్ళు కలిసుండే షేర్డ్ ఇల్లు) లైసెన్స్ తీసుకోవాల్సిందే, ఇవన్నీ ఇంటి ధర చూసి డిస్కౌంట్ ఇచ్చే ఖర్చులు కావు.

కౌన్సిల్ ట్యాక్స్ అయితే ఇంకా తమాషా. ఇళ్ళని బ్యాండ్లుగా విడగొట్టింది 1991 ఏప్రిల్ నాటి విలువల ప్రకారం, ఇంగ్లండ్‌లో ఈరోజుకీ అదే నడుస్తోంది. వెస్ట్‌మినిస్టర్‌లో, అంటే దేశంలోనే అత్యంత ఖరీదైన వీధులున్న చోట, బ్యాండ్ డి ఇంటికి ఏడాదికి వెయ్యి పౌండ్ల చుట్టుపక్కల కడితే, నాటింగ్‌హామ్‌లో అదే బ్యాండ్‌కి రెండున్నర వేలు దాటిపోయింది. పార్లమెంటు పక్కన ఉండేవాడి కంటే నాటింగ్‌హామ్‌లో ఉండేవాడు ఆ బ్యాండ్‌లో రెండింతల పైన కడుతున్నాడు, అది ఓనర్ జేబులోంచి పోదు కదా, తిరిగి గది అద్దెలోకే వస్తుంది. ఒకప్పుడు కొన్ని కౌన్సిళ్ళ పరిధిలో ఒక్కో గదినీ విడిగా బ్యాండ్ చేసి అద్దెకున్న ఒక్కొక్కడికీ విడి బిల్లు పంపేవాళ్ళు, 2023 డిసెంబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో ఆ పద్ధతి తీసేశారు, ఇంటి మొత్తానికి ఒకటే బిల్లు, ఓనరే కట్టాలి. మంచి పనే, కానీ ఓనర్ కట్టాలి అంటే ఓనర్ భరిస్తాడని కాదు.

ఇక పైనుంచి ఆపేది ఏంటంటే జీతం. ఫ్లాట్ అద్దెకి తీసుకునేది చాలాసార్లు ఇద్దరు, రెండు జీతాలు, గదికి మాత్రం ఒకటే జీతం. ఆ ఒక్క జీతం కూడా ఎక్కువగా కింది మెట్టు జీతమే, వేర్‌హౌస్, కేర్ హోమ్, హోటల్ కిచెన్, లేకపోతే అప్పుడే చదువైపోయి మొదటి ఉద్యోగంలో చేరినవాళ్ళు. ఇక్కడ మినిమమ్ వేజ్ దేశం మొత్తానికీ ఒకటే, 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు 21 నిండినవాళ్ళకి గంటకి 12.21 పౌండ్లు ఉండేది, లండన్ అయినా నార్త్‌లోని హల్ అయినా అంతే. ఆ రేటుకి వారానికి 35 గంటలు చేస్తే నెలకి దాదాపు 1,850, ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ పోను చేతికొచ్చేది పదహారొందల చిల్లర. అందులో వెయ్యి గదికి పోతే మిగిలేది ఆరొందలు, దాంతోనే తిండి, ట్రాన్స్‌పోర్ట్, ఫోను, ఇంటికి పంపాల్సినవి. అంతకుమించి అద్దె పెంచితే కట్టడానికి అవతల మనిషి దగ్గర డబ్బే లేదు, అందుకే లండన్లో అద్దె ఇంటి ధరతో పాటు పరిగెత్తలేక అక్కడ ఆగింది.

అద్దె ఆగితే గది చిన్నదైపోవడం మొదలవుతుంది, ఆ మ్యాపుల్లో కనపడని ట్రెండ్ ఇదే.

లండన్లో ఒక మామూలు రూమ్ యాడ్ తీసుకుని చదివితే తెలుస్తుంది. "కోజీ సింగిల్" అన్నాడంటే బాక్స్ రూమ్, అంటే మంచం వేశాక తలుపు పూర్తిగా తెరుచుకోదు. "నో లివింగ్ రూమ్" అని కింద చిన్నగా ఉంటుంది, అంటే హాల్‌ని కూడా బెడ్‌రూమ్ చేసి ఇంకొకడికి ఇచ్చేశారు, ఇప్పుడు ఆ ఇంట్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటంటూ ఏదైనా ఉంటే అది కిచెన్లో ఫ్రిజ్ పక్కన నిలబడే జాగానే. "మండే టు ఫ్రైడే లెట్" అంటే శని, ఆదివారాలు నువ్వు ఎక్కడికైనా పో, ఓనర్‌కి ఇల్లు ఖాళీగా కావాలి. "బిల్స్ ఇన్‌క్లూడెడ్, ఫెయిర్ యూసేజ్" అంటే ఒక లిమిట్ దాటితే మళ్ళీ నీ దగ్గరే వసూలు చేస్తారు. ఇవన్నీ అద్దె పెంచకుండా అద్దె పెంచే పద్ధతులు. గది మరీ అగ్గిపెట్టె అవకుండా లైసెన్స్ ఉన్న హెచ్ఎంఓలకి 2018 అక్టోబర్ నుంచి ఒక కనీస సైజు పెట్టారు, పెద్దవాళ్ళు ఒక్కరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లు ఉండాలి, ఇద్దరికైతే 10.22. ఆరున్నర చదరపు మీటర్లంటే డబుల్ బెడ్డూ ఒక బీరువా వేస్తే ఇక నడిచే జాగా వెతుక్కోవాలి, అది కనీసం అని చట్టం పెడితే మార్కెట్లో చాలామంది ఓనర్లకి అదే టార్గెట్ అయి కూర్చుంది.

యాడ్స్ గురించి ఇంకొకటి చెప్పాలి, ఇది కొత్తగా వచ్చేవాళ్ళలో చాలామంది గమనించరు. కొంతమంది వారానికి ఇంత అని పెడతారు, కొంతమంది నెలకి ఇంత అని. వారానికి 150 అంటే మన బుర్రలో వెంటనే నాలుగుతో గుణించేసి ఆరొందలు అనుకుంటాం, కానీ ఏడాదికి 52 వారాలు, 7,800 అయింది, పన్నెండుతో భాగిస్తే నెలకి 650. యాభై పౌండ్లు అక్కడే ఎగిరిపోయాయి. ఏ ఊరు చవక, ఏ ఊరు ఖరీదు అని పోల్చుకునేటప్పుడు ఈ వారం నెల గోల సరిచూసుకోకపోతే మొత్తం లెక్క తప్పుతుంది.

ఇంకో పెద్ద తకరారు ఏంటంటే, న్యూస్‌లో వచ్చే రెంట్లు దాదాపు అన్నీ యాడ్స్‌లో అడిగే రెంట్లు, అంటే ఈరోజు ఖాళీగా ఉన్న గదుల రేట్లు మాత్రమే. ఆల్రెడీ రెండేళ్ళ నుంచి అదే గదిలో ఉంటున్నవాడు ఎంత కడుతున్నాడన్నది అందులో రాదు. ప్రభుత్వ గణాంకాల సంస్థ ఓఎన్ఎస్ 2024 మార్చి నుంచి ఇచ్చే అద్దెల సూచీలో పాత కిరాయిదార్లని కూడా కలుపుతారు, అందుకే అది యాడ్స్ కంటే ఆలస్యంగా కదులుతుంది. ఆ సూచీలో వార్షిక పెరుగుదల 2024 మార్చిలో 9 శాతం దాటింది, 2025 చివరికి 5 శాతం లోపలికి వచ్చింది. హమ్మయ్య తగ్గింది అని హెడ్డింగులు పెట్టారు, తగ్గింది పెరిగే స్పీడు, అద్దె కాదు.

సరే, ఇంటి ధర మూడు రెట్లు తక్కువ ఉండి గది అద్దె రెండు రెట్లు కూడా తక్కువ లేకపోతే, అది ఎవడికి పండగ? కొని అద్దెకిచ్చేవాడికి. ఒక ఉదాహరణ వేసుకుందాం, నార్త్‌లో లక్షా ఇరవై వేలకి ఒక పాత టెర్రస్ ఇల్లు (అటూ ఇటూ ఇళ్ళతో గోడలు కలిసి వరసలో ఉండే ఇల్లు) కొని, హాల్‌నీ అటకనీ కూడా కలిపి అయిదు గదులు చేసి, వారానికి 110 చొప్పున ఇస్తే ఏడాదికి 28,600 వస్తుంది, అంటే కొన్న ధరలో దాదాపు 24 శాతం. లండన్లో ఐదున్నర లక్షల ఇంట్లో అయిదు గదులు వారానికి 230 చొప్పున ఇస్తే వచ్చేది 59,800, అది 11 శాతం కూడా అవ్వదు. బిల్స్, రిపేర్లు, ఖాళీ నెలలు, మార్పులకయ్యే ఖర్చు అన్నీ రెండు చోట్లా తీసెయ్యాలి, అది వేరే సంగతి, అయినా నార్త్‌లో లెక్క ఎంత బాగుందో ఎవడికైనా కనపడుతుంది. అందుకే ఇల్లు ఎప్పుడూ కళ్ళతో చూడని సౌత్ ఇన్వెస్టర్లు కూడా నార్త్‌లో టెర్రస్ ఇళ్ళు కొని గదులుగా కోస్తున్నారు.

కోయడం అనేది 2010 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్‌లో ఇంకా ఈజీ అయింది, మామూలు ఇంటిని ఆరుగురి వరకు ఉండే హెచ్ఎంఓ చెయ్యడానికి ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదన్నారు. తర్వాత కౌన్సిళ్ళు ఒక్కొక్కటిగా ఆర్టికల్ 4 అనే ఆదేశం వాడి ఆ సౌకర్యాన్ని వెనక్కి తీసుకున్నాయి, మాంచెస్టర్ 2011లో, నాటింగ్‌హామ్ 2012లో, బర్మింగ్‌హామ్ 2020 జూన్‌లో సిటీ మొత్తానికీ. ఇక్కడే ప్రాంతాల లెక్క మారుతుంది. పర్మిషన్ కావాలి అన్న రోజు నుంచి ఆ ఊళ్ళో ఆల్రెడీ హెచ్ఎంఓగా ఉన్న ఇంటికి రేటు పెరుగుతుంది, కొత్తవి తగ్గుతాయి, ఇన్వెస్టర్ పక్కనున్న, ఆర్టికల్ 4 ఇంకా పెట్టని చిన్న ఊరికి పోతాడు. వీధిలో చెత్త డబ్బాలు ఎక్కువయ్యాయి, పార్కింగ్ దొరకట్లేదు అని చుట్టుపక్కల వాళ్ళు గొడవ చెయ్యడంలో తప్పేం లేదు, కానీ గదులకి అడ్డం పెట్టిన కౌన్సిల్ బదులుగా ఒంటరి మనుషులకి చిన్న ఫ్లాట్లు కట్టించిందా అంటే చాలా చోట్ల లేదు. ఉండాల్సిన జనం అలాగే ఉన్నారు, గదులే తగ్గాయి, అద్దె ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

ఇంకో పెద్ద కిరాయిదారు కూడా ఉన్నాడు చవక ఊళ్ళల్లో, ప్రభుత్వమే. శరణార్థులుగా అప్లై చేసుకున్నవాళ్ళకి వసతి చూపించే బాధ్యత హోం ఆఫీస్‌ది, అంటే అక్కడి హోం శాఖది, దాని తరఫు కాంట్రాక్టర్లు ఇళ్ళు ఎక్కడ తక్కువకి దొరికితే అక్కడ లీజుకి తీసుకుంటారు, ఓనర్‌కి ఏళ్ళ తరబడి గ్యారంటీ అద్దె. దాన్ని పట్టుకుని రాజకీయం చేసేవాళ్ళు చేస్తారు, నేను చెప్పేది ఆ మనుషుల గురించి కాదు, ఒక పెద్ద సంస్థ ఖాళీల రిస్క్ లేకుండా ఇల్లు మొత్తం తీసుకుంటుంటే ఓనర్ విడివిడిగా గదులు తక్కువకి ఎందుకిస్తాడు అని అంతే.

స్టూడెంట్ల విషయానికొస్తే యూనివర్సిటీ ఉన్న ఊళ్ళో గది అద్దె ఆ ప్రాంతపు సగటుని అసలు పట్టించుకోదు. బ్రిస్టల్, ఎడిన్‌బరో, డరమ్ లాంటి చోట్ల ఇల్లు కట్టే స్పీడు ఒకటి, అడ్మిషన్లు ఇచ్చే స్పీడు ఇంకొకటి. 2022లో బ్రిస్టల్ యూనివర్సిటీ కొంతమంది స్టూడెంట్లని సెవెర్న్ నది దాటించి వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో పెట్టాల్సొచ్చింది, అంటే చదువు ఇంగ్లండ్‌లో పడక వేల్స్‌లో. డరమ్ ఇంకా విడ్డూరం, నార్త్ ఈస్ట్ అంటే దేశంలో చవక ప్రాంతం కదా, అదే నార్త్ ఈస్ట్‌లో ఉన్న డరమ్‌లో 2022 అక్టోబర్‌లో వచ్చే ఏడాది ఇళ్ళ కోసం స్టూడెంట్లు ఏజెంట్ల ఆఫీసుల ముందు లైన్లు కట్టారు. ప్రాంతం సగటు చూసి డరమ్ చవక అనుకుని వచ్చేవాడి పరిస్థితి ఆలోచించండి.

మన పిల్లల విషయంలో వీసా రూల్ కూడా ఇలాగే ఉంటుంది. ఖర్చులకి బ్యాంకులో ఎంత చూపించాలి అంటే హోం ఆఫీస్ దగ్గర రెండే అంకెలు, 2025 జనవరిలో పెట్టిన ప్రకారం లండన్ అయితే నెలకి 1,483, లండన్ బయట అయితే 1,136, తొమ్మిది నెలల వరకు. తర్వాత ఇంకొంచెం పెంచారు కానీ పద్ధతి అదే. ఈ "లండన్ బయట" అన్న ఒక్క డబ్బాలో ఆక్స్‌ఫర్డ్, బ్రిస్టల్, సండర్లాండ్, అబరిస్ట్‌విత్ అన్నీ పడేశారు. కన్సల్టెన్సీ వాళ్ళు ఆ "లండన్ బయట" అంకెని చూపించి ఇంతే అవుతుందండి అని పేరెంట్స్‌కి చెప్పేస్తారు, అది వీసా ఆఫీసర్ కోసం పెట్టిన అంకె, ఓనర్‌కి దాంతో సంబంధం లేదు.

2024 జనవరి నుంచి మాస్టర్స్‌కొచ్చేవాళ్ళు కుటుంబాన్ని తెచ్చుకోవడం చాలావరకు ఆపేశారు, ఆ ఏడాది స్టూడెంట్ వీసాలు తగ్గాయి. దెబ్బ గట్టిగా తగిలేది విదేశీ మాస్టర్స్ స్టూడెంట్ల మీదే ఎక్కువ బతికే చిన్న యూనివర్సిటీ ఊళ్ళకి. అక్కడ హెచ్ఎంఓ ఓనర్లు కొందరు స్టూడెంట్ల నుంచి ఉద్యోగస్తుల వైపుకి మారారు, యాడ్‌లో "స్టూడెంట్స్ ఓన్లీ" తీసేసి "ప్రొఫెషనల్స్ వెల్కమ్" అని పెట్టారు అంతే, అద్దె తగ్గించడం అనేది ఆఖరి మార్గం వాళ్ళకి, ముందు గదిలో ఒక టీవీ పెట్టి చూస్తారు.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే రూల్ గురించి. ఇక్కడ అద్దె కట్టలేనివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సాయం లోకల్ హౌసింగ్ అలవెన్స్ లెక్క ప్రకారం ఉంటుంది. 35 ఏళ్ళలోపు ఉండి, పెళ్ళాం పిల్లలు లేని ఒంటరి మనిషైతే, కొద్దిమంది మినహాయింపులు పోను, వాడికి ఫ్లాట్‌కి కాదు షేర్డ్ ఇంట్లో ఒక గదికి సరిపడా మాత్రమే ఇస్తారు. 2012 వరకు ఈ లిమిట్ 25 ఏళ్ళు ఉండేది, దాన్ని 35కి పెంచేశారు, అంటే పదేళ్ళ వయసు తేడా ఉన్న ఒక తరం మొత్తాన్ని ఒక్క సంతకంతో ఫ్లాట్ల నుంచి గదుల్లోకి తోసేశారు. ఆ తోపులాట ఎక్కడ ఎక్కువ కనపడుతుంది? ఉద్యోగాలు తక్కువ ఉన్న, సాయం మీద ఆధారపడేవాళ్ళు ఎక్కువ ఉన్న చవక ప్రాంతాల్లోనే. అక్కడ ఓనర్లకి ఆ అలవెన్స్ అంకె తెలుసు, ఓపెన్‌గా వెబ్‌సైట్లో ఉంటుంది, దానికంటే తక్కువకి గది ఇవ్వాల్సిన అవసరం ఏముంది? చవక ఊళ్ళో అద్దె కిందకి దిగకుండా ఆపే ఇంకో మేకు అది.

పోనీ ఆ అలవెన్స్ నిజంగా సరిపోతుందా అంటే, ప్రతి ఏరియాలో అద్దెలన్నీ చిన్న నుంచి పెద్దకి వరసగా పెడితే కింద నుంచి 30వ శాతం దగ్గర ఉండే అద్దెకి సమానంగా ఉండాలని రూల్. 2016 నుంచి నాలుగేళ్ళు గడ్డకట్టించారు, 2020లో కోవిడ్ వచ్చింది కాబట్టి పెంచారు, మళ్ళీ ఫ్రీజ్, 2024 ఏప్రిల్‌లో పెంచారు, 2025లో మళ్ళీ కదల్లేదు. లండన్లోనో బ్రిస్టల్లోనో అద్దె పరిగెడుతుంటే ఇది కూర్చుని ఉంటుంది, తేడా మనిషి తిండి డబ్బుల్లోంచి పూడ్చుకోవాలి. జర్మనీలో కూడా ఇదే కథ, అక్కడ స్టూడెంట్లకిచ్చే బాఫెగ్ సాయంలో అద్దె భాగం 2024 నుంచి నెలకి 380 యూరోలు, దేశం మొత్తానికీ ఒకటే, మ్యూనిక్‌లో షేర్డ్ ఫ్లాట్లో గదికి దానికి దాదాపు రెట్టింపు అడుగుతున్నారు. బ్రిటన్ కనీసం ఏరియా వారీగా అంకెలు వేస్తోంది, వేసి ఫ్రీజ్ చేస్తోంది.

స్కాట్లాండ్ వేరే దారిలో పోయింది. ఆల్రెడీ ఉంటున్న కిరాయిదార్లకి 2022 సెప్టెంబర్ 6 నుంచి అద్దె పెంచకూడదు అన్నారు, 2023 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు 3 శాతం వరకు పెంచుకోండి అన్నారు. ఉన్నవాడికి నిజంగానే మేలు జరిగింది, చలికాలం కరెంటు బిల్లులు చుక్కలు చూపించిన టైములో అది చిన్న విషయం కాదు. కానీ గది ఖాళీ అయి కొత్తవాడు వచ్చినప్పుడు ఎంతైనా అడగొచ్చు, దానికి లిమిట్ లేదు. దాంతో ఉన్నవాడు కదలడం మానేశాడు, ఖాళీలు తగ్గాయి, ఓనర్ కూడా మళ్ళీ పెంచే ఛాన్స్ ఎప్పుడొస్తుందో అని ముందే కలిపేసుకుని అడిగాడు. ఎడిన్‌బరో, గ్లాస్గోల్లో యాడ్ రెంట్లు సరిగ్గా ఆ కంట్రోల్ ఉన్న టైములోనే బాగా ఎగిశాయి. కంట్రోల్ ఫెయిల్ అంటారు ఓనర్ల సంఘాలు, నేనైతే సగం మాత్రమే పెట్టిన కంట్రోల్ ఇలాగే పనిచేస్తుంది అంటాను, లోపలున్నవాడిని కాపాడి బయటున్నవాడి మీద రుద్దింది, గదుల మార్కెట్లో జనం మారేదే ఎక్కువ కాబట్టి బయటున్నవాళ్ళు ఎప్పుడూ తక్కువేం ఉండరు.

కోవిడ్ టైములో ఇదంతా కాస్త తలకిందులైంది, 2020, 21ల్లో లండన్ సెంటర్‌లో గదులు ఖాళీగా పడి రేట్లు పడ్డాయి, సముద్రం పక్కన ఊళ్ళల్లో పెరిగాయి, 2022కి లండన్ మళ్ళీ మొత్తం లాగేసుకుంది. మిగిలిన గుర్తు ఒకటే, వారానికి రెండు మూడు రోజులు ఆఫీస్ అనే పద్ధతి, దాంతో ఊరి బయట ఉండి వచ్చిపోదాం అనేవాళ్ళు ఎక్కువయ్యారు, స్లావ్, రెడింగ్, లూటన్ లాంటి చోట్ల గదికి డిమాండ్ పెరిగింది, 2022 మేలో లండన్ గుండా పోయే ఎలిజబెత్ లైన్ అనే కొత్త రైలు మార్గం తెరిచాక దాని స్టేషన్ల పక్కన ఇంకా. అక్కడ అద్దెలో మిగిలింది ట్రైన్ టికెట్లో పోతుంది, వారానికి అయిదు రోజులు తిరిగేవాడైతే కొన్నిసార్లు ఎదురు కట్టాలి. అయిదు రోజులూ తిరగాల్సింది ఎవడు అంటే మళ్ళీ ఆ కిచెన్లో పనిచేసేవాడు, కేర్ హోమ్‌లో పనిచేసేవాడే, ల్యాప్‌టాప్ ఉద్యోగి కాదు.

2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో రెంటర్స్ రైట్స్ యాక్ట్ అనే, అద్దెకుండేవాళ్ళ హక్కుల చట్టంలో ముఖ్యమైన భాగాలు అమల్లోకి వచ్చేలా పెట్టారు. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 పోతుంది, యాడ్‌లో పెట్టిన దానికంటే ఎక్కువ తీసుకోకూడదు, అద్దె ఏడాదికి ఒక్కసారే పెంచాలి, ఒక నెల కంటే ఎక్కువ అడ్వాన్స్ అడగకూడదు. వేలంపాట ఆపడం లండన్, బ్రిస్టల్ లాంటి చోట్ల నిజంగా పనికొస్తుంది, ఒక గదికి ఇరవై మంది వచ్చే ఊళ్ళోనే కదా వేలం. నార్త్‌లో చాలా చోట్ల దానివల్ల పెద్ద తేడా రాదు. అడ్వాన్స్ రూల్ మాత్రం మనవాళ్ళకి రెండువైపులా పదునున్న కత్తి, ఇన్నాళ్ళూ ఇక్కడ గ్యారంటర్ లేని ఇండియన్ స్టూడెంట్ ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టి గది సంపాదించేవాడు, అది అన్యాయమే, కానీ అదొక దారి. ఇప్పుడు ఆ దారి మూస్తే ఓనర్ యూకేలో ఆస్తి ఉన్న గ్యారంటర్‌నే అడుగుతాడు, ఉన్న చుట్టాన్ని వెతుక్కోవాలి, లేకపోతే ఫీజు తీసుకుని గ్యారంటీ ఇచ్చే కంపెనీకి కట్టాలి.

ఇంతకీ ఈ చట్టం వర్తించని గది ఒకటుంది, ఓనర్ కూడా అదే ఇంట్లో ఉండి ఒక గది ఇస్తే అందులో ఉండేవాడు లాడ్జర్, వాడికి ఈ హక్కులేవీ రావు. వాళ్ళు ఎంతమంది, ఎంత కడుతున్నారు అనడానికి రిజిస్టర్ కూడా లేదు. రూల్స్ గట్టిపడేకొద్దీ మామూలు ఓనర్లు కొందరు అమ్ముకుని పోతారు, గదులు ఇలాంటి ఇళ్ళల్లోంచే ఎక్కువ రావాలి, మరి వాళ్ళకిచ్చే ట్యాక్స్ రాయితీ చూస్తే రెంట్ ఎ రూమ్ స్కీమ్ కింద ఏడాదికి 7,500 పౌండ్లు, 2016 ఏప్రిల్‌లో పెట్టిన అంకె, ఆ తర్వాత అద్దెలు ఎంత పెరిగినా అది కదల్లేదు. నెలకి లెక్కేస్తే 625. నార్త్ ఈస్ట్‌లో గది ఇచ్చే ఆంటీకి మొత్తం అద్దె ట్యాక్స్ లేకుండా మిగులుతుంది, లండన్లో ఇచ్చే ఆమెకి మూడో వంతు పైన ట్యాక్స్ లెక్కల్లోకి పోతుంది, అంటే గదులు ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే ఇవ్వడానికి ఉత్సాహం తక్కువ. పక్కనున్న ఐర్లండ్‌లో ఇదే రాయితీ 14,000 యూరోలు, దాటితే మొత్తం మీద ట్యాక్స్ పడుతుందన్న మెలిక ఉన్నా సరే డబ్లిన్లో గది రేటుకి దగ్గరగా ఉన్న అంకె అది. బ్రిటన్ కూడా ప్రాంతాన్ని బట్టి ఈ అంకె మార్చాలి, కనీసం లండన్, సౌత్ ఈస్ట్‌లకైనా పన్నెండు వేలకి తేవాలి, కాకపోతే దానికి బదులుగా లాడ్జర్‌కి రాతపూర్వక అగ్రిమెంటు, నెల నోటీసు తప్పనిసరి చెయ్యాలి, రాయితీ తీసుకునే ఓనర్ ఆ మాత్రం చెయ్యనంటే ఇవ్వక్కర్లేదు.